బావిలోకి దించిన దీపం

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. అందులో నేలకు ఇంకిన నీరు కూడా నల్లరాతి పైనున్న శిథిలశిల పొరలోనూ, రాతి పగుళ్లలోనూ తప్ప నిలవదు కనుక, చెరువు నిండని ఏళ్లలో ఇక్కడి సేద్యం కపిల బావుల మీదే ఆధారపడేది. కపిల అంటే వాలు బాట మీద ఎద్దులు లాగే తోలు బాన. నీటిమట్టం దిగిన ఎండాకాలంలో పూడిక తీసి బావిని మరింత లోతు చేయవలసి వచ్చేది. ఆ పనిలో ఆరితేరిన వడ్డెరలు రాతిని సమ్మెటలతోనూ, తరువాతి కాలంలో తూటాలతోనూ పగలగొట్టేవారు. 1876–78 నాటి ధాత కరువును చవిచూసిన ఈ సీమకు బావి ప్రాణాధారం, అయినా అందులోకి దిగినవారు ఊపిరాడక ప్రాణాలు విడిచిన సందర్భాలూ ఉండేవి.

దీనికి మూలం వాయువుల సాంద్రతలో, అంటే ఒక నిర్ణీత ఘనపరిమాణంలో ఇమిడే ద్రవ్యరాశిలో ఉంది. ఘనమీటరు నీరు 1000 కిలోలు తూగితే, అదే చోటును నింపే గాలి సుమారు 1.2 కిలోలు, పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్న కార్బన్ డయాక్సైడ్ సుమారు 1.8 కిలోలు తూగుతాయి. 1766లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ ఈ వాయువును తూచి, మామూలు గాలికంటే 1.57 రెట్లు బరువైనదని తేల్చాడు. నేలలోని వేళ్లూ సూక్ష్మజీవులూ శ్వాసించినప్పుడు, అడుగున రాలిన ఆకు కుళ్లినప్పుడు పుట్టే ఈ వాయువు బావిలో పోగవుతుంది. అయితే వాయువులు కాలక్రమేణా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి, అది అడుగున నిలవాలంటే బావిలో గాలి కదలకుండా ఉండాలి. చలికాలపు రాత్రుల్లో బయటి చల్లగాలి బరువెక్కి బావిలోకి దిగి లోపలి గాలిని పైకి తోస్తుంది. వేసవి పగలు 40 డిగ్రీల బయటి గాలి ఘనమీటరుకు 1.13 కిలోలు, 25 డిగ్రీల లోపలి గాలి 1.18 కిలోలు తూగుతాయి కనుక బరువైన గాలి కిందనే ఉండిపోతుంది. పూడిక తీసే పని సరిగ్గా ఆ రోజుల్లోనే జరగడం కరువుసీమ దౌర్భాగ్యం.

అందుకే దిగేముందు తాడుకు కట్టిన దీపాన్ని మెల్లగా లోపలికి వదిలేవారు. పైన నిటారుగా వెలిగే మంట, ప్రాణవాయువు 16 శాతం దరిదాపులకు తగ్గిన చోట కురచై, పొగ విడిచి, ఆరిపోతుంది. మళ్లీ వెలిగించి వదిలితే దాదాపు అదే లోతున మళ్లీ ఆరుతుంది గనుక, కంటికి కనిపించని ఆ వాయువు ఎంత ఎత్తున నిలిచిందో తాడు మీదే తెలిసిపోతుంది. అప్పుడు ఆకుల మండలను తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించి, నీళ్లు గుమ్మరించి గాలిని కలచేవారు. సాంద్రత లెక్కలు చదవని పనివాళ్ల ఈ పరీక్షను శాస్త్రీయమైన కొలతగానే గౌరవించాలి.

ఆయిల్ ఇంజన్లు వచ్చాక ఆ కొలతకు అందని ప్రమాదం వచ్చింది. పైనుంచి నీటిని పీల్చే పంపు ఆచరణలో ఏడెనిమిది మీటర్లకు మించి లాగలేదు. నీరు ఇంకా దిగితే ఇంజన్‌నే బావిలోని అరుగు మీదికి దించవలసి వస్తుంది. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ సాంద్రత గాలి సాంద్రతకంటే మూడు శాతమే తక్కువ కాబట్టి, అది అడుగుకు చేరదు, పైకీ తేలిపోదు, గాలిలో కలిసి బావంతా పరచుకుంటుంది. వెయ్యింట ఒక పాలు ఉన్నా కొద్ది గంటల్లో ప్రాణం తీయగల ఈ వాయువు మధ్య దీపం మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంది. బోరుబావులు వచ్చి పాత బావులు ఎండిపోయినా, పూడికకో పడిన పశువును తీయడానికో ఇప్పటికీ మనుషులు వాటిలోకి దిగుతూనే ఉన్నారు. పడిపోయినవాణ్ని కాపాడబోయి దిగిన రెండోవాడూ అక్కడే కూలడం ఇలాంటి ప్రమాదాల్లో తరచుగా జరిగేదే కనుక, దిగేవాడి నడుముకు తాడు కట్టి పైన మనుషులను నిలపడం, గొట్టంతో కొత్త గాలిని అడుగుదాకా పంపడం, ప్రాణవాయువునూ విషవాయువులనూ పరికరంతో కొలవడం తప్పనిసరి.