మూల నుంచి వంపు దాకా: ఫిల్మ్ నగర్ సెట్టు నిర్మాణంలో త్రిమితీయ రేఖ

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా సాంకేతిక చరిత్రను వివరించేటప్పుడు సాధారణంగా ఒక విభజన కనిపిస్తుంది. ఒకవైపు వడ్రంగులు, మేస్త్రీలు, చిత్రకారులు నిర్మించిన సెట్టు, మరొకవైపు దాని స్థానాన్ని ఆక్రమించిన గ్రాఫిక్స్. జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాల స్టూడియోలలో జరిగే ఒక చిన్న పనిని ఆధారంగా తీసుకొని పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. రెండు రేఖలు కలిసే మూలను గుండ్రం చేయడమే ఆ పని. ఉలితో చేసినా, కంప్యూటరుతో చేసినా అది ఎదుర్కొనే చిక్కు ఒక్కటే.

మెట్ల రెయిలింగు సమస్య

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో 1975-76లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పారు. తరువాతి కాలంలో కృష్ణ పద్మాలయ స్టూడియోను, డి. రామానాయుడు తమ స్టూడియోను ఈ కొండల మీదనే నిర్మించారు. ఆనాటి కుటుంబ కథా చిత్రాలలో సంపన్నుల ఇల్లు అనగానే విశాలమైన హాలు, దాని నడుమ మేడకు వెళ్లే వంపు మెట్లు ప్రేక్షకులకు గుర్తుకు వస్తాయి. కథానాయిక ఆ మెట్లు దిగుతూ ఉండగా కెమెరా చూసే ప్రధాన రేఖ రెయిలింగు.

ఆ రేఖ మామూలు రేఖ కాదు. మెట్ల వెంట ఏటవాలుగా లేచి, మలుపు దగ్గర సమతలంగా సాగి, పక్కకు తిరిగి, మళ్లీ లేస్తుంది. కలిసే ఏ రెండు సరళరేఖలైనా ఒకే తలంలో ఉంటాయి కనుక ఒక్కొక్క మూలను విడిగా గుండ్రం చేయడం కష్టం కాదు. అయితే మొదటి మూల తలం వేరు, రెండవ మూల తలం వేరు. గొట్టంతో చేసిన రెయిలింగుకు ఈ తేడా పట్టదు. చతురస్రాకారపు కొయ్యకు మాత్రం ఒక తలం నుంచి మరొక తలానికి మారేచోట మెలిక తప్పదు. ఆ మెలికను కాగితం మీద ముందే లెక్కించే పద్ధతిని పీటర్ నికల్సన్ 1792లో వెలువరించిన 'ద కార్పెంటర్స్ న్యూ గైడ్' వడ్రంగులకు అందించింది. త్రిమితీయ రేఖల మూలలను గుండ్రం చేసే విద్య కంప్యూటరు కంటె చాలా పాతదని చెప్పడానికి ఇది చాలు.

ఇందులో మరొక పరిమితి ఉంది. మూల నుంచి చాపం మొదలయ్యే బిందువు వరకు గల దూరం, వ్యాసార్ధాన్ని మూలకోణంలో సగం యొక్క టాంజెంటుతో భాగిస్తే వస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి 90 డిగ్రీల మూల దగ్గర ఆ దూరం 30 సెంటీమీటర్లు. 60 డిగ్రీల మూల దగ్గర దాదాపు 52 సెంటీమీటర్లు. 60 డిగ్రీల మూలలు రెండింటి నడుమ 80 సెంటీమీటర్ల కొయ్య మాత్రమే ఉంటే 104 సెంటీమీటర్ల చోటు ఎక్కడి నుంచి వస్తుంది? వ్యాసార్ధం తగ్గాలి, లేదా మెట్ల ప్లాను మారాలి. మూల గుండ్రన అలంకారమే అనుకునేవారికి ఈ లెక్క తగిన సమాధానం.

సాఫ్ట్‌వేర్ తీసుకున్న నిర్ణయం

1982 చివర విడుదలైన ఆటోక్యాడ్ క్రమంగా నిర్మాణ చిత్రలేఖనానికి సాధారణ సాధనమైంది. దానిలో మూలలను గుండ్రం చేసే ఆదేశం పేరు ఫిల్లెట్. సమతల పాలీలైనులోని ప్రతి మూలనూ అది ఒక్కసారిగా గుండ్రం చేయగలదు. త్రిమితీయ పాలీలైను మీద మాత్రం పని చేయదు. కారణం దత్తాంశ నిర్మాణంలో ఉంది. సమతల పాలీలైను తన మొత్తానికి ఒకే తలాన్ని గుర్తుంచుకొని, ప్రతి చాపాన్నీ ఒక్క సంఖ్యతో, అంటే చాపకోణంలో నాలుగోవంతు టాంజెంటుతో, నమోదు చేస్తుంది. త్రిమితీయ పాలీలైనులో ప్రతి మూలకూ దాని తలం దానిదే. దానిలో సరళరేఖలకు తప్ప చాపాలకు చోటు లేదు. అందువల్ల రేఖను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క జతను విడిగా గుండ్రం చేయవలసి వస్తుంది. నికల్సన్ కాలపు వడ్రంగి చేసినదీ ఇంచుమించు ఇదే.

వేరొక మార్గాన్ని జార్జ్ చైకిన్ 1974లో సూచించాడు. ప్రతి రేఖాఖండాన్నీ పావు, ముప్పావు దూరాల వద్ద ఖండించి మూలను తొలగిస్తూ పోతే చివరకు నునుపైన వక్రం మిగులుతుంది. తలాల ప్రసక్తి లేదు కనుక ఈ పద్ధతి అంతరాళంలోనూ యథాతథంగా చెల్లుతుంది. కానీ వచ్చిన వంపుకు స్థిరమైన వ్యాసార్ధం ఉండదు. కొయ్య కోసేవాడికి ఇవ్వదగిన అంకె దానిలో లేదు. 1978 నాటి కాట్‌మల్-క్లార్క్ పద్ధతి ఇదే మార్గాన్ని ఉపరితలాలకు విస్తరించింది. యానిమేషన్ పాత్రల రూపకల్పనలో అది స్థిరపడింది.

తెర మీద అంచు

హైదరాబాదుకు చెందిన మకుట సంస్థ రూపొందించిన 'ఈగ' (2012) దృశ్యాలకు జాతీయ పురస్కారం లభించింది. 'బాహుబలి' (2015) మాహిష్మతి సాబు సిరిల్ కట్టించిన సెట్లతోనూ, వి. శ్రీనివాస మోహన్ పర్యవేక్షించిన దృశ్య ప్రభావాలతోనూ కలిసి తయారైంది. ఒకే కోట కొంత కట్టినదీ కొంత లెక్కించినదీ అయినప్పుడు అంచులు సరిపోలాలి. నిజమైన ఏ వస్తువు అంచూ సున్నా వ్యాసార్ధం కలది కాదు. కొద్దిపాటి గుండ్రన మీద సన్నని వెలుగు గీత పడుతుంది. లెక్కించిన గోడకు ఆ గుండ్రన ఇవ్వకపోతే కట్టిన గోడ పక్కన అది అట్టముక్కలా కనిపిస్తుంది. పూర్వం మేస్త్రీ తాపీతో చేసిన పనినే ఇక్కడ మోడలరు చేస్తాడు.

అన్నపూర్ణ స్టూడియోస్‌లో 2022లో ప్రారంభమైన వర్చువల్ ప్రొడక్షన్ వేదిక ఈ చరిత్రను తిరగేసింది. అక్కడి ఎల్‌ఈడీ తెర వంపు తిరిగినది. ఇటువంటి తెరలను సాధారణంగా చదునైన పలకలను స్వల్ప కోణంలో జతచేసి కడతారు. ఉదాహరణకు అర మీటరు పలకలను 5 డిగ్రీల చొప్పున వంచుతూ పోతే 90 డిగ్రీల మలుపుకు 18 అతుకులు పడతాయి. వ్యాసార్ధం సుమారు 5.7 మీటర్లు. వక్రం మళ్లీ పాలీలైను అయింది.

పరిశోధకులకు ఇక్కడ ఒక ఆధార సమస్య ఎదురవుతుంది. పాత సెట్టు ప్లాను దొరికితే దాని మీద వ్యాసార్ధం అంకె చదవవచ్చు. కళాదర్శకుడు ఏమి కోరాడో తెలుస్తుంది. త్రిమితీయ నమూనా ఫైలులో గుండ్రన ఒకసారి చిన్నచిన్న ముఖాలుగా మారి భద్రమైతే ఆ అంకె చెరిగిపోతుంది. ముఖాలను కొలిచి వ్యాసార్ధాన్ని తిరిగి రాబట్టవచ్చు. అయితే అది కళాదర్శకుడు అడిగినదా, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చినదా అన్నది ఆ ఫైలు చెప్పదు. దానితోపాటు తొలి గీతలు, పని మధ్యలో మార్చిన ప్రతులు కూడా ఉంటేనే తేలుతుంది.