నాన్న మాత్ర పుట్టిన ఊరు

2024 వేసవిలో అమ్మా నాన్నా మా ఇంటికొచ్చారు. వచ్చిన రెండో వారంలో నాన్న తన మందుల డబ్బాలోంచి ఒక మాత్రని మాయం చేశారు. 2009లో గుండెపోటు వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే వేసుకునే ఎటెనోలాల్ అది. గుండెపోటు వచ్చినవాళ్లకి ఆ రకం మందులు అక్కర్లేదని స్వీడన్ వాళ్లు తేల్చేశారంటూ వాట్సాప్‌లో ఎవరో పంపారట. మాతో ఒక్క మాటైనా అనకుండా మానేశారు. నాలుగో రోజు సాయంత్రం నడక నుంచి వస్తూ గేటు దగ్గరే ఆగిపోయి, "గుండె దడదడలాడుతోందిరా" అన్నారు. చూస్తే నిమిషానికి 118.

ఈసీజీ తీసి, ఇది మళ్లీ గుండెపోటు కాదని చెప్పేదాకా మాకు ప్రాణాలు నిలవలేదు. మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నారు. అర్ధరాత్రి లేపితే గుంటూరు డాక్టరుగారు కూడా విసుక్కోకుండా అదే చెప్పారు. "ఆపాలంటే ఆపుదాం. కానీ మెల్లగా ఆపుదాం."

మర్నాడు నాన్న అడిగారు, "అక్కర్లేని మందైతే ఆపితే ఎందుకట్లా అయింది? కావల్సిన మందైతే అక్కర్లేదని ఎందుకు రాశారు?" అని. నేను డాక్టర్ని కాను. ఇక్కడ ఒక ఆసుపత్రిలో గుండె జబ్బుల విభాగం రికార్డులు సరిచూసి, లెక్కకట్టి పంపే ఉద్యోగం నాది. జవాబు తెలియక చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఆ మాత్ర పుట్టిన చోటు మా ఇంటికి పది మైళ్లు కూడా లేదు.

కథ జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ మనిషితో మొదలవుతుంది. 1924లో పుట్టాడు. తండ్రి బొగ్గుగనుల ఇంజనీరు. 1946లో వైద్యం పట్టా పుచ్చుకున్నాడు గానీ, అప్పట్లో ఆసుపత్రుల్లో రోగుల్ని చూసే తీరు నచ్చక ప్రాక్టీసు జోలికి పోలేదు. చదువుకి చేసిన అప్పులు తీర్చడానికి సింగపూర్ వెళ్లి పాఠాలు చెప్పాడు. 1950లో తిరిగొచ్చి గ్లాస్గో పశువైద్య కళాశాలలో ఫిజియాలజీ విభాగం పెట్టాడు. ఆయన వైద్యం పాసైన ఆ ఏడాదే తండ్రి కారు ప్రమాదం తర్వాత గుండెపోటుతో పోయాడు. దెబ్బ కంటే ఆందోళన గుండెని ఎక్కువ కుదిపిందేమో అన్న ఆలోచన కొడుకుని వదల్లేదు.

ఆ రోజుల్లో గుండెనొప్పికి వైద్యం అంటే గుండెకి రక్తం ఎక్కువ అందేలా చూడడం. బ్లాక్ లెక్కని తిరగేశాడు. ఆదాయం పెంచలేనప్పుడు ఖర్చు తగ్గించుకోవాలి కదా! గుండెకి ఆక్సిజన్ ఎక్కువ పంపలేకపోతే, గుండె అడిగే ఆక్సిజన్‌నే తగ్గిస్తే? భయం, కోపం, పరుగు, వీటన్నిటికీ గుండెని ఉరికించేది అడ్రినలిన్. దాని మాట గుండెకి వినపడకుండా చేస్తే?

ఎలా చెయ్యాలో అమెరికాలో రేమండ్ ఆల్క్విస్ట్ 1948లో రాసిన వ్యాసం దారి చూపించింది. అడ్రినలిన్‌ని అందుకునే గ్రాహకాలు ఒకటి కాదు, రెండు రకాలని ఆయన వాదన. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. రక్తనాళాల్ని బిగించేది ఆల్ఫా, గుండెని ఉరికించేది బీటా. ఆ వ్యాసాన్ని మొదట ఒక పత్రిక తిప్పి పంపింది. ఇంకో పత్రికలో అచ్చయ్యాక కూడా ఏళ్ల తరబడి పట్టించుకున్నవాళ్లు తక్కువ. గ్రాహకం అనేదాన్ని అప్పటికి ఎవరూ కళ్లతో చూడలేదు మరి. అది కాగితం మీద ఊహ.

1958లో బ్లాక్ ఆ ఊహ పట్టుకుని ఐసీఐ కంపెనీలో చేరాడు. మాంచెస్టర్‌కి దక్షిణాన, మాక్లెస్‌ఫీల్డ్ దగ్గర ఆల్డర్లీ పార్క్ అనే పాత జమీందారీ తోటలో వాళ్ల కొత్త ప్రయోగశాలలు. అప్పటికే అమెరికాలో ఒక రసాయనం బీటా గ్రాహకాన్ని అడ్డుకుంటుందని కనిపెట్టారు గానీ, అది అడ్డుకుంటూనే కాస్త ఉసిగొల్పుతుంది కూడా. జాన్ స్టీఫెన్సన్ అనే రసాయనవేత్త దాన్ని మార్చి ప్రోనెథలాల్ చేశాడు. ఆల్డర్లీ పేరు మీదుగా దానికి ఆల్డర్లిన్ అని పేరు పెట్టారు. మనుషుల్లో బాగానే పనిచేసింది. కానీ ఎలుకల్లో కణితులు కనపడ్డాయి. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి వెతికారు. అదే ప్రొప్రనలాల్. 1964లో లాన్సెట్‌లో వివరాలొచ్చాయి, మర్నాటి ఏడు ఇండెరాల్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఆల్డర్లిన్ ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కటి తీసేసి మిగతావి కలగలిపితే ఇండెరాల్ వస్తుంది. పేరులో ఊరు అలా దాక్కుంది. గుండె మీదే ఎక్కువగా పనిచేసే ఎటెనోలాల్ కూడా తర్వాత ఆ తోటలోదే.

అది ఎలా పనిచేస్తుందో నాన్నకి ఆర్టీసీ బస్సు భాషలో చెప్పాను. కణం పైన ఉన్న బీటా గ్రాహకం ఒక సీటు. అడ్రినలిన్ వచ్చి కూర్చోగానే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పుడుతుంది. ఆ కబురు ఒక ఎంజైముని లేపుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంటుంది. నాన్న మాత్ర కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు. సీటు ఖాళీగానే ఉంటుంది, అడ్రినలిన్ మాత్రం కూర్చోలేదు. అయితే ఏళ్ల తరబడి తువ్వాళ్లే కనపడుతుంటే కణం ఊరుకోదు, కొత్త సీట్లు వేసుకుంటుంది. ఒక్కసారిగా తువ్వాళ్లు తీసేస్తే, ఎప్పుడూ ఉండే జనమే ఉన్న సీట్లన్నిటిలోనూ కూర్చుంటారు. గేటు దగ్గర నాన్న గుండెకి అయింది అదే. మెల్లగా ఆపుదాం అని డాక్టరుగారు అన్నది అందుకే.

ఇక్కడో చిన్న పక్కదారి. సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఆల్క్విస్ట్ వ్యాసం వచ్చిన 1948లోనే ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1988లో, బ్లాక్‌కి నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఆయనతో పంచుకున్న ఇద్దరిలో ఒకరైన జార్జ్ హిచింగ్స్ ఒకప్పుడు ఫిస్కే దగ్గర పనిచేసినవాడే. సుబ్బారావు పేరు రావాల్సినంత బయటికి రాలేదని బాధపడినవాడు కూడా.

మందు దొరికింది. కథ అయిపోయినట్టేనా? కాదు. నా ఉద్యోగం మొదలయ్యేది అక్కడే.

ఒక మందు కణంలో ఏం చేస్తుందో తెలిసినంత మాత్రాన మంచం మీది మనిషికి మేలు చేస్తుందని చెప్పలేం. లండన్ యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో బ్రయన్ ప్రిచార్డ్ ఈ మందులు రక్తపోటుని కూడా తగ్గిస్తాయని గమనించాడు. బ్లాక్ అనుకోనిది అది. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రమాదమనీ వాడకంలోనే తేలింది. గుండెపోటు వచ్చినవాళ్లు దీనివల్ల బతుకుతారా అన్నది తేలడానికి మాత్రం ఇరవై ఏళ్లు పట్టింది. పాతికమంది, యాభైమందితో చేసిన చిన్న పరీక్షలు తలో మాటా చెప్పాయి. కేరళలో పుట్టి బెంగళూరులో వైద్యం చదివిన సలీం యూసుఫ్ 1976లో రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వచ్చి పీటర్ స్లైట్ దగ్గర ఈ బీటా బ్లాకర్ల మీదే పనిచేశాడు. మేలు కొంచెమే అయితే అది కనపడాలంటే వేలమంది కావాలని వాళ్లకి అర్థమైంది. అలా పుట్టిందే ఐసిస్ అనే పెద్ద పరీక్ష. 1986లో అచ్చయిన ఫలితంలో 16,027 మంది రోగులు. మందిచ్చే ముందు నాణెం వేసినట్టు సగం మందికి ఎటెనోలాల్, సగం మందికి లేదు. మొదటి వారంలో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు మందు లేనివాళ్లలో నూటికి 4.6, మందు పడినవాళ్లలో 3.9. అంటే వెయ్యిమందిలో ఏడుగురు. ఏ ఒక్క డాక్టరూ తన వార్డులో ఈ ఏడుగుర్ని గుర్తుపట్టలేడు. లెక్క మాత్రమే గుర్తుపడుతుంది.

మూడో మెట్టు ఇంకా ఉంది. మందు మంచిదని తేలాక అది అందరికీ అందుతోందా? 2000లో ఇంగ్లండ్ గుండె జబ్బుల సేవలకి జాతీయ ప్రమాణాలు పెట్టుకుంది. ఆ ఏడాదే మైనాప్ అనే జాతీయ ఆడిట్ కూడా మొదలైంది. ఏ ఆసుపత్రిలో గుండెపోటు రోగికి ఎన్ని నిమిషాల్లో వైద్యం మొదలైంది, ఇంటికి పంపేటప్పుడు ఆస్పిరిన్, బీటా బ్లాకర్, స్టాటిన్ రాశారా లేదా, అన్నీ నమోదు చేయాలి. నేను రోజూ నింపే గడులు ఇలాంటివే. చాలాకాలం అది నాకు గుమాస్తా పనిగానే అనిపించింది. వార్డులో రోగుల్ని చూసే తీరు నచ్చక దూరంగా వెళ్లిపోయిన బ్లాక్ గురించి చదివాక, ఆ గడుల్ని కాస్త గౌరవంగా చూడడం మొదలుపెట్టాను.

ఇక స్వీడన్ సంగతి. వాట్సాప్ చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. 2024 ఏప్రిల్‌లో అచ్చయిన ఆ పరీక్షలో 5,020 మంది. గుండెపోటు వచ్చినా గుండె పంపింగ్ బాగానే ఉన్నవాళ్లు. బీటా బ్లాకర్ మొదలుపెట్టినవాళ్లకీ పెట్టనివాళ్లకీ పెద్ద తేడా కనపడలేదు. ఐసిస్ నాటికీ ఇప్పటికీ మధ్య స్టెంట్లు, స్టాటిన్లు వచ్చాయి. ఒకప్పుడు ఏడుగుర్ని కాపాడిన మందుకి ఇప్పుడు కాపాడాల్సిన పని తగ్గింది. కానీ ఆ పరీక్ష అడిగింది "కొత్తగా మొదలుపెట్టాలా?" అని. నాన్న ప్రశ్న "పదిహేనేళ్లుగా వేసుకుంటున్నది ఆపొచ్చా?" అని. ఆ ప్రశ్నే అడిగిన ఫ్రెంచి పరీక్ష ఆ ఆగస్టు చివర్లో వచ్చింది. ఆపినా కొనసాగించినా ఒకటేనని దాంట్లో రుజువు కాలేదు. తర్వాత వచ్చినవీ ఒకే మాట చెప్పలేదు. ప్రశ్న ఒక్క మాట మారితే జవాబు మారిపోతుంది. ఫార్వర్డ్ చేసేవాళ్లు జవాబే పంపుతారు, ప్రశ్న పంపరు.

నాన్న ఊరెళ్లే ముందు ఒక ఆదివారం ఆల్డర్లీ పార్క్‌కి తీసుకెళ్లాను. పాత కంపెనీ పోయి ఇప్పుడక్కడ చిన్న చిన్న సైన్సు కంపెనీలు, కొత్త ఇళ్లు, చెరువు. నాన్న బెంచీ మీద కూర్చుని చొక్కా జేబులోంచి మాత్రల షీటు తీసి కాసేపు చూశారు.

"ఇంత చిన్నదానికి ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడ్డారా" అన్నారు.

"ఇంకా పడుతున్నారు నాన్నా" అన్నాను.

గుంటూరు వెళ్లాక డాక్టరుగారు గుండె స్కాన్ తీయించి, మోతాదు సగం చేసి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఫోన్లో ఆ సంగతి చెబుతూ నాన్న చివర్లో ఇంకో మాట కలిపారు. "నాడి రోజూ పొద్దున చూసుకుని నోటుబుక్కులో రాస్తున్నాను. నీకేమైనా పనికొస్తుందా?"