వంతెన మూస్తే దారేది?
రాకపోకల నిలిపివేతకు నిబంధనలు, ప్రత్యామ్నాయ మార్గాలు, ప్రజలకున్న హక్కులు

గుంటూరు: గుంటూరు నగరాన్ని రైలు మార్గం రెండుగా చీల్చింది. ఒకవైపు బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వంటి నివాస, విద్యా, వ్యాపార ప్రాంతాలున్నాయి. మరోవైపు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, పాత మార్కెట్లు, పాత గుంటూరు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే ప్రధాన వారధిగా శంకర్‌విలాస్ పైవంతెన ఆరు దశాబ్దాలకు పైగా సేవలందించింది. దానిపై రాకపోకలు నిలిచిన నాటి నుంచి వంతెన మూసివేత అంటే ఏమిటో నగరవాసులకే గాక, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నుంచి వైద్యానికి, చదువుకు, సరకు అమ్మకానికి వచ్చే వారందరికీ అనుభవంలోకి వచ్చింది. వంతెనలు, అండర్‌బ్రిడ్జిలు మూసేటప్పుడు పాటించవలసిన నిబంధనలు, ప్రజలు తీసుకోవలసిన జాగ్రత్తల వివరాలివి.

శంకర్‌విలాస్ వంతెన కథ

శంకర్‌విలాస్ కూడలి వద్ద రైలు పట్టాలపై 1958లో ఈ వంతెన నిర్మించారు. నాటి జనాభాకు, నాటి వాహనాలకు రెండు వరుసల దారి సరిపోయింది. తరువాతి కాలంలో ఆటోలు, ద్విచక్ర వాహనాలు, కార్లు, కళాశాలల బస్సులు పెరగడంతో ఉదయం, సాయంత్రం వేళల్లో వంతెన దాటడమే గగనమైంది. ఆసుపత్రికి వచ్చే అంబులెన్సులు సైతం ఈ రద్దీలోనే చిక్కుకునేవి.

పాత వంతెన స్థానంలో నాలుగు వరుసల కొత్త వంతెన నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం సేతుబంధన్ పథకం కింద రూ.98 కోట్లు మంజూరు చేసింది. 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. గుంటూరు పార్లమెంటు సభ్యుడు, కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ ఈ పథకానికి చొరవ చూపారు. అదే ఏడాది ఆగస్టులో పాత వంతెనపై రాకపోకలు నిలిపివేసి, కూల్చివేతకు మార్గం సుగమం చేశారు. ప్రత్యామ్నాయ దారులను ముందుగా సిద్ధం చేయాలని, వంతెన నమూనాను మార్చాలని వ్యాపారులు, పౌర సంఘాల వారు కోరారు. నగరం నడిబొడ్డున ఉన్న వంతెనను కూల్చి, అదే చోట మరొకటి కట్టవలసి రావడమే ఇక్కడి చిక్కుకు మూలం. పక్కన స్థలం ఉంటే పాత దారిని నడుపుతూనే కొత్తది కట్టవచ్చు. ఇరుపక్కలా దుకాణాలు, భవనాలు ఉన్నచోట ఆ వీలుండదు.

పూర్తి మూసివేత ఎందుకు?

వంతెనపై సగం దారి మూసి, మిగతా సగంపై వాహనాలను పంపవచ్చు కదా అన్నది సామాన్యులకు కలిగే సందేహం. తారు పొర మార్చడం, పిట్టగోడలకు మరమ్మతు, దిమ్మెల మధ్య అతుకులు మార్చడం వంటి పనులకు ఈ పద్ధతి సరిపోతుంది. గర్డర్ల కింద ఉండే బేరింగులు మార్చాలన్నా, దిమ్మెను పైకి ఎత్తాలన్నా, మొత్తం కూల్చాలన్నా వాహనాల బరువు, కదలిక ప్రమాదకరం. అప్పుడు పూర్తిగా మూయక తప్పదు.

రైలు మార్గంపై వంతెన అయితే మరో చిక్కు ఉంది. పట్టాలపైన పని చేయాలంటే రైళ్లు ఆగాలి, విద్యుత్ తీగల్లో సరఫరా నిలపాలి. దీనినే రైల్వే పరిభాషలో బ్లాక్ అంటారు. 2003లో ఏర్పడిన గుంటూరు రైల్వే డివిజన్ పరిధిలో రైళ్ల తాకిడి ఎక్కువ. అందువల్ల బ్లాకు సాధారణంగా రాత్రి వేళ కొద్ది గంటలే దొరుకుతుంది. ఒక రోజు బ్లాకు తప్పితే ఆ పని మరో తేదీకి వాయిదా పడుతుంది. వంతెన పనుల గడువు తరచూ జరుగుతూ పోవడానికి ఇదొక ప్రధాన కారణం. భూసేకరణ, మంచినీటి పైపులు, మురుగు కాల్వలు, విద్యుత్ తీగల తరలింపు మిగతా కారణాలు.

ఆలస్యం చేస్తే ముప్పే

మూసివేత కష్టమని పాత వంతెనలను అలాగే నడిపితే ఏమవుతుందో గుజరాత్ అనుభవం చెబుతోంది. వడోదర, ఆనంద్ జిల్లాలను కలిపే గంభీర వంతెన 2025 జులై 9న వాహనాలు వెళ్తుండగానే కూలింది. 1985 నాటి ఆ వంతెన ప్రమాదంలో కనీసం 20 మంది ప్రాణాలు కోల్పోయారు.

మన రాష్ట్రంలో రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెనపై 2023లో మరమ్మతుల కోసం వాహనాలను నిలిపివేశారు. ముందుగా ప్రకటించి, వాహనాలను ఇతర వంతెనల మీదుగా మళ్లించి పనులు చేపట్టారు. ప్రయాణికులు చుట్టు తిరగవలసి వచ్చినా, వంతెన తిరిగి వాడుకలోకి వచ్చింది.

వాహనాల బరువు కూడా ఆలోచించవలసిన విషయమే. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని కేంద్రం 2018లో 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీకి 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. అరవై ఏళ్ల నాటి వంతెనలు ఈ లెక్కలకు కట్టినవి కావు. పాత వంతెనలపై భారీ వాహనాలను నిషేధించి, తేలికపాటి వాహనాలనే అనుమతించడంలోని ఆంతర్యమిదే.

ప్రకాశం బ్యారేజీయే ఇందుకు ఉదాహరణ. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీపై భారీ వాహనాలకు అనుమతి లేదు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే లారీలు జాతీయ రహదారిపై కనకదుర్గ వారధి మీదుగా సాగవలసిందే. 2024 సెప్టెంబరు వరదల్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల భాగాలను ఢీకొన్నాయి. అప్పుడు బ్యారేజీపై రాకపోకలను తాత్కాలికంగా నిలిపివేశారు. కృష్ణకు భారీ వరద వచ్చినప్పుడు వారధి మార్గాన్నే నమ్ముకోవడం మేలు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత, సౌకర్యం దృష్ట్యా గానీ, రోడ్డు లేదా వంతెన స్థితిని బట్టి గానీ వాహనాలను నిషేధించే, పరిమితం చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు ఉంది. ఈ ఆంక్ష నెల రోజులకు మించి అమలులో ఉండాలంటే గెజిట్‌లో ప్రకటించాలి. నెలలోపు అయితే గెజిట్ అవసరం లేదు. అయినా పరిస్థితులను బట్టి స్థానికంగా తగిన ప్రచారం చేయాలి. అంటే చెప్పాపెట్టకుండా దారికి అడ్డంగా పీపాలు పెట్టి ఊరుకోవడం చట్టం ఆశయం కాదు.

పని జరిగే చోట పాటించవలసిన పద్ధతులను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు వివరిస్తున్నాయి. వీటి ప్రకారం మొదట ముందస్తు హెచ్చరిక భాగం, తరువాత వాహనాలు వరుస మారే భాగం, ఆపై పని జరిగే స్థలం, చివరగా మామూలు దారిలో కలిసే భాగం ఉండాలి. రాత్రి వేళ మెరిసే పట్టీలు, దీపాలు, పాదచారులకు వేరుగా దారి ఏర్పాటు చేయాలి. మలుపు దగ్గరకు వచ్చాక కనిపించే బోర్డు వల్ల ప్రయోజనం లేదు. దారి మళ్లేందుకు వీలున్న ముందు కూడలిలోనే సూచిక ఉండాలి.

ప్రత్యామ్నాయ మార్గాలు

శంకర్‌విలాస్ వంతెన లేనప్పుడు రైలు మార్గం దాటడానికి నగరంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది కంకరగుంట పైవంతెన. బస్సుల వంటి పెద్ద వాహనాలకు ఇదే అనువైనది. రెండోది డొంకరోడ్డులోని మూడు వంతెనల మార్గం. పట్టాల కింద నుంచి సాగే ఈ దారి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, చిన్న వాహనాలకు ఉపయోగం. అయితే భారీ వాన కురిస్తే ఇక్కడ నీరు నిలుస్తుంది. వానాకాలంలో ఈ ఒక్క దారినే నమ్ముకుని బయలుదేరరాదు.

శ్యామలానగర్, నెహ్రూనగర్ వైపు రైల్వే గేట్ల మీదుగానూ దాటవచ్చు. రైలు వచ్చిన ప్రతిసారీ గేటు పడుతుంది గనుక నిర్ణీత సమయానికి చేరవలసిన వారికి ఇది నమ్మదగిన దారి కాదు. మూసిన గేటు కింద నుంచి దూరి వెళ్లడం ప్రాణాంతకం. మూసిన గేటును తెరిస్తే రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు, గేటును విరగ్గొడితే అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశముంది.

గేటు స్థానంలో పైవంతెన మంజూరుకు రైల్వేలో ఒక కొలమానం ఉంది. గేటు మీదుగా వెళ్లే రైళ్ల లెక్కను వాహనాల లెక్కతో గుణించగా వచ్చే సంఖ్య లక్ష దాటితే, రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు పంచుకునే పద్ధతిలో వంతెన నిర్మించవచ్చు. తమ ఊరి గేటు వద్ద వంతెన కోరే గ్రామస్థులు తాజా లెక్కింపు జరపాలని అడగడం తొలి మెట్టు.

నగరాల్లో సొరంగ మార్గాలు మన ప్రాంతంలో అరుదు. విజయవాడలోని చిట్టినగర్ సొరంగం అటువంటిది. సొరంగంలోనూ, అండర్‌బ్రిడ్జిలోనూ వాహనం చెడిపోతే వెనుక దారి మొత్తం స్తంభించిపోతుంది. ఇంధనం, టైర్లు సరిచూసుకుని ప్రవేశించాలి. నీరు నిలిచిన అండర్‌బ్రిడ్జిలో లోతు తెలియకుండా వాహనం దింపరాదు.

మిర్చి, పత్తి రైతులకు

ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిర్చి యార్డుకు జనవరి నుంచి మే వరకు సరకు పోటెత్తుతుంది. పత్తి తీతలు అక్టోబరు నుంచి మొదలై నెలల తరబడి సాగుతాయి. ఈ కాలంలో వంతెన పనులు జరిగితే ఆ భారం రైతుపైనే పడుతుంది. టిక్కీ 40 కిలోల చొప్పున లెక్కిస్తే 250 టిక్కీల లోడు 10 టన్నులు. అంత బరువుతో వచ్చిన లారీ రద్దీలో నిలిచిపోతే ఉదయపు వేలం అందదు. మరుసటి రోజు వరకు ఆగితే లారీ నిలుపుదల కిరాయి, కూలీల ఖర్చు అదనం.

అందుచేత సరకు తెచ్చే రైతులు ఈ విషయాలు గమనించాలి:

- ఒంగోలు, అద్దంకి, చిలకలూరిపేట వైపు నుంచి వచ్చే వారు నగరం నడిబొడ్డుకు రాకుండా శివారు దారిలోనే యార్డుకు చేరాలి.
- భారీ వాహనాలకు నగర ప్రవేశం నిషేధించిన వేళలను బయలుదేరేముందే యార్డు సిబ్బందిని, కమీషన్ వ్యాపారిని అడిగి తెలుసుకోవాలి.
- పత్తి బోరేలు ఎత్తుగా నింపిన వాహనాలను అండర్‌బ్రిడ్జిల వైపు మళ్లించరాదు. దారి మొదట్లోని ఎత్తు సూచికను చూడాలి.
- ఒకే ప్రయాణంలో ముగించాలని అధిక లోడు వేయరాదు. 2019 సవరణ ప్రకారం పరిమితి మించితే రూ.20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2 వేల జరిమానా ఉంది.

రోగులకు, విద్యార్థులకు

గుంటూరు సర్వజనాసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి అత్యవసర కేసులు వస్తుంటాయి. గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, రోడ్డు ప్రమాదం, కాన్పు కేసుల్లో ప్రతి నిమిషం విలువైనదే. సొంత వాహనంలో దారి వెతుక్కోవడం కంటే 108 వాహనాన్ని పిలవడం శ్రేయస్కరం. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే చట్టంలోని 194-ఇ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇరుకైన మూడు వంతెనల దారిలో ఈ నియమాన్ని మరింత శ్రద్ధగా పాటించాలి.

పరీక్షలు రాసే విద్యార్థులు ముందు రోజే కేంద్రానికి ఒకసారి వెళ్లి, పట్టే సమయం చూసుకోవడం మంచిది. రైలు అందుకోవలసిన వారు రైలు వేళలను 139 నంబరులో, జాతీయ రహదారిపై ఇబ్బందులు ఎదురైనవారు 1033 నంబరులో సంప్రదించవచ్చు.

దుకాణదారుల హక్కులు

వంతెన మూసిన మరునాడే దిగువనున్న చిన్న దుకాణాల బేరం పడిపోతుంది. స్థలం కోల్పోయే యజమానికి 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భూసేకరణ చట్టం కింద పరిహారంతో పాటు, దానికి సమానమైన మొత్తం సొలేషియంగా దక్కుతుంది. ఆ ప్రాంతంలో మూడేళ్లుగా పనిచేస్తూ జీవనాధారం కోల్పోయిన కౌలుదారులను, పనివారిని సైతం ప్రభావిత కుటుంబాలుగా ఈ చట్టం గుర్తిస్తుంది. అద్దె రసీదులు, వ్యాపార లైసెన్సు, కరెంటు బిల్లులు భద్రపరచుకుంటే హక్కు నిరూపించుకోవడం తేలిక. స్థలం పోకుండా కేవలం బేరం తగ్గినవారికి ఈ చట్టంలో నేరుగా ఊరట లేదు. పనులు గడువులో ముగియడమే వారికి అసలైన మేలు.

అధికారులను అడగవలసినవి

రోడ్లు, భవనాల శాఖ, నగరపాలక సంస్థ, పోలీసు, రైల్వే శాఖలు కలిసి పనిచేస్తేనే మూసివేత సాఫీగా సాగుతుంది. పనులు ఏ తేదీన ముగుస్తాయి? ఏ దశలో ఏ దారి తెరుస్తారు? రాత్రి దీపాలు, మురుగునీటి పంపులు ఎవరి బాధ్యత? అంబులెన్సులకు ప్రత్యేక దారి ఉందా? ఈ ప్రశ్నలకు సమాధానాలు జిల్లా కలెక్టర్ కార్యాలయంలో జరిగే సోమవారం అర్జీల కార్యక్రమంలో కోరవచ్చు. కాంట్రాక్టు గడువు, ఇప్పటివరకు జరిగిన పని వివరాలను సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేసి పొందవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.