నటుడి వైద్యం: దానమా, హక్కా?

నాటకం ఆడి బతికే మనిషికి జబ్బు చేస్తే రెండు నష్టాలు ఒక్కసారే వస్తాయి. మందులకు డబ్బు కావాలి. ఆ డబ్బు తెచ్చే ఆట ఆగిపోతుంది. బడిపంతులుకు జీతంతో కూడిన సెలవు వున్నది. మిల్లు కార్మికుడికి చట్టం ప్రకారం కొంత రక్షణ వున్నది. రాత్రికి యింత అని మాట్లాడుకొని వేషం కట్టేవాడికి మాత్రం గొంతు పోయిన రాత్రి కూలీ కూడా పోయినట్టే. అందువల్లనే వృత్తి నాటకరంగం బలపడిన అనేక దేశాలలో, దాని వెంటే రోగులైన నటుల కోసం సహాయనిధులు కూడా పుట్టుకొచ్చాయి.

ఈ నిధుల చరిత్రను సాధారణంగా మహానుభావుల ఔదార్య చరిత్రగా చెబుతారు. కాని మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నిధిలో పడిన డబ్బు ఎవరి శ్రమఫలం? దాని తాళం ఎవరి చేతిలో వున్నది? తలుపు బయట ఎవరు నిలబడిపోయారు? ఈ ప్రశ్నలతో చూస్తే అదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది.

ముందు ఇంగ్లండును చూద్దాం. 1737 నాటి లైసెన్సింగ్ చట్టం వల్ల లండనులో మాటల నాటకం ఆడే అధికారం ప్రధానంగా డ్రూరీ లేన్, కావెంట్ గార్డెన్ అనే రెండు రంగశాలల గుత్తాధిపత్యమైపోయింది. అనుమతి లేకుండా డబ్బు తీసుకొని ఆడేవాళ్ళను ఆ చట్టం దేశదిమ్మరులుగా, పోకిరీలుగా జమకట్టింది. దీనికితోడు 1662 నాటి మరొక చట్టం వున్నది. బీదవాడికి సహాయం చేయవలసిన బాధ్యత అతడు స్థిరపడిన పారిష్‌ది, అంటే అతని చర్చి పరిధిలోని ఊరిది మాత్రమే అని ఆ చట్టం నిర్ణయించింది. ఊరూరూ తిరిగి ఆడే నటుడికి స్థిరమైన ఊరేది? ఆడే ఊరు అతణ్ణి తనవాడు కాదంటుంది. పుట్టిన ఊరు దూరాన వుంటుంది. జ్వరంతో పడిపోయిన నటుడు రెండు చట్టాల మధ్య అనాథ అయ్యాడు.

ఇటువంటి కాలంలో కావెంట్ గార్డెన్ నటులు 1765లోనూ, డ్రూరీ లేన్ నటులు 1766లోనూ సహాయనిధులు ఏర్పాటు చేసుకున్నారు. డ్రూరీ లేన్ నిధికి ఆనాటి మహానటుడు డేవిడ్ గారిక్ పెద్ద అండ. 1776 జూన్ 10న ఆయన రంగస్థలానికి వీడ్కోలు చెప్పిన రాత్రి వచ్చిన వసూలును ఆ నిధికే ఇచ్చాడు. అదే ఏడాది ఆ నిధికి పార్లమెంటు చట్టం ద్వారా గుర్తింపు కూడా సంపాదించాడు. గారిక్ చేసినది మంచి పని అనడంలో సందేహం లేదు. కాని ఆ మంచితనానికి ఒక సరిహద్దు వున్నది. ఈ నిధులు ఆ రెండు రంగశాలల బృందాల వారికే. గుత్తాధిపత్యం ఎవరికి అన్నం పెట్టిందో, సహాయం కూడా వారికే అందింది. పశువుల పాకల్లోనూ, సంతల్లోనూ ఆడుతున్న దేశవాళీ నటుడికి ఆ తలుపు తెరుచుకోలేదు.

అతనికి మిగిలింది ఒక్క బెనిఫిట్ నాటకం. ఒక రాత్రి వసూలులో ఖర్చులు పోగా మిగిలినది ఒక నటుడికో నటికో ఇవ్వడమే బెనిఫిట్. పేరుకు కానుక, నిజానికి జీతంలో యజమాని ఎగవేసిన భాగం. టిక్కెట్లు అమ్ముడుపోవాలంటే నటీనటులే పెద్దమనుషుల గడపలు ఎక్కి దిగాలి. 1838, 1839 సంవత్సరాలలో వెలువడిన ‘నికొలస్ నికిల్‌బీ’ నవలలో చార్లెస్ డికెన్స్ ఒక పల్లె నాటక బృందాన్ని చిత్రించి, తన బెనిఫిట్ కోసం ఇల్లిల్లూ తిరిగే నటిని మనకు చూపించాడు. నవ్వు పుట్టించే ఆ ఘట్టం అడుగున వున్నది వృత్తి మనిషి చేత చేయి చాపించే వ్యవస్థ.

ఆ 1839లోనే జనరల్ థియేట్రికల్ ఫండ్ ఏర్పడింది. ఏ రంగశాలకు చెందినవారైనా, పల్లెలలో ఆడేవారైనా ఇందులో చేరవచ్చు. 1846లో ఈ నిధి మొదటి వార్షిక విందుకు డికెన్స్ అధ్యక్షత వహించి, పాత నిధుల తలుపులు ఎంత ఇరుకైనవో ఎత్తిచూపాడు. ఇక్కడ మనం గమనించవలసినది ఒకటున్నది. ఈ నిధి సభ్యులు తమ కొద్దిపాటి జీతాల నుంచి క్రమంగా చందా కట్టినవారు. కనుక కష్టకాలంలో వారు పుచ్చుకున్నది బిచ్చం కాదు, తాము దాచుకున్నదే. దానం నుంచి పరస్పర సహాయానికి వేసిన ఈ అడుగు చరిత్రలో చిన్నది కాదు. అయితే నిధి నిండడానికి ధనికుల విందులు ఇంకా అవసరమే అయినాయి. నటుల శ్రమతో లాభం తీసిన రంగశాల యజమాని ఏమి కట్టాలన్న ప్రశ్న అక్కడ రాలేదు.

ఆ ప్రశ్న అమెరికాలో వచ్చింది. వచ్చిన వెంటనే దాని గొంతు నొక్కారు. అక్కడ వాడెవిల్ అనే వినోద ప్రదర్శనలు దేశమంతటా గొలుసుగా అల్లుకున్న రంగశాలలలో జరిగేవి. ఆ గొలుసుల అధిపతులలో ముఖ్యుడు ఇ. ఎఫ్. ఆల్బీ. 1900లో కళాకారులు ‘వైట్ రాట్స్’ అనే సంఘం పెట్టుకొని, ఏజెంట్ల కమీషన్ల మీద, ఏకపక్షపు ఒప్పందాల మీద పోరాడారు. ఆ సంఘాన్ని దెబ్బకొట్టడానికి 1916లో ఆల్బీ అండతో ‘నేషనల్ వాడెవిల్ ఆర్టిస్ట్స్’ అనే యజమానుల సంఘం పుట్టింది. పని కావాలంటే ఇందులో సభ్యత్వం వుండాలి. వైట్ రాట్స్‌లో లేనని ఒప్పుకోవాలి. 1917 నాటికి సమ్మె ఓడిపోయింది. వైట్ రాట్స్ వారి క్లబ్బు భవనం కూడా చివరకు యజమానుల సంఘం చేతికే పోయింది.

ఈ సంఘమే న్యూయార్క్ రాష్ట్రంలోని శారనాక్ లేక్‌లో క్షయరోగులైన కళాకారుల కోసం శానిటోరియం కట్టించింది. రైలు ప్రయాణాలు, చలి గదులు, దుమ్ము నిండిన తెరల వెనుక బతుకు సాగించేవారికి క్షయ కొత్త శత్రువు కాదు. ఆ మంచం మీద ఊపిరి తీసుకున్న రోగికి అది నిజమైన మేలు. దానిని కాదనేవాడు రోగిని ఎరగనివాడు. కాని ఆ మంచానికి వెల ఏమిటి? బతికి పనిచేస్తున్న వేలమంది గొంతులు మూగపోవడం. సంఘం పెట్టుకొనే హక్కును లాక్కున్న చేయే ఔషధం అందించింది. తర్వాత వాడెవిల్ కూలిపోయింది. 1935లో హాస్యనటుడు విల్ రోజర్స్ విమాన ప్రమాదంలో మరణించాక ఆ ఆస్పత్రికి ఆయన పేరు పెట్టారు.

దీనికి ఎదురుగా 1919 ఆగస్టును నిలబెట్టి చూడండి. 1913లో ఏర్పడిన యాక్టర్స్ ఈక్విటీ, జీతంలేని రిహార్సళ్ళకు వ్యతిరేకంగా సమ్మెకు దిగింది. నెలరోజుల పాటు సాగిన ఆ సమ్మెలో న్యూయార్క్ రంగశాలలు మూతపడ్డాయి. సమ్మె నిధి కోసం నటులే సొంతంగా బెనిఫిట్ ప్రదర్శనలు ఇచ్చి గెలిచారు. అదే బెనిఫిట్ ఒక చోట యజమాని కీర్తిని పెంచింది. మరొక చోట కార్మికుడి నడుము కట్టింది. తేడా కళలో లేదు, తాళం చెవి పట్టుకున్న చేతిలో వున్నది.

ఇప్పుడు మన రంగస్థలానికి వద్దాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో వనారస గోవిందరావు కుటుంబం ప్రారంభించిన సంప్రదాయం, కుటుంబాన్నే సమాజంగా మార్చుకున్నది. ఒకరు మంచాన పడితే ఆ వేషం మరొకరు వేస్తారు. వయసు మళ్ళినవారు రంగులు వేస్తారు, తెరలు లాగుతారు, పిల్లలకు పద్యాలు నేర్పుతారు. ఏ చట్టమూ ఇవ్వని రక్షణను రక్తసంబంధం ఇచ్చింది. కాని వానలు పట్టినా, పక్క వీథిలో సినిమా హాలు వెలిసినా వసూలు తగ్గేది సమాజం మొత్తానికి. అప్పుడు ఒకరినొకరు ఆదుకోవడానికి మిగిలేది ఆప్యాయతే; ఆప్యాయతతో మందుల కొట్టు అప్పు తీరదు.

కంట్రాక్టు పద్యనాటకాల నటుడికి ఆ పందిరి కూడా లేదు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. ఒక్కొక్కరికి వేరే బేరం. పద్యం పలికినంత కాలం ‘మరోసారి’ అని కేకలు. గొంతు పోతే కంట్రాక్టరు మరొక కృష్ణుణ్ణి చూసుకుంటాడు. చివరకు ఊళ్ళో కరపత్రం వెలుస్తుంది: ఫలానా నటుడి వైద్య సహాయార్థం నాటకం. తోటి నటులు కూలీ వదులుకొని ఆడతారు, హార్మనిస్టు ఉచితంగా వాయిస్తాడు. అంటే పేదవాడి జబ్బుకు పేదవాళ్ళే పన్ను కడుతున్నారు. వారి సౌహార్దం గొప్పది. కాని ఆ గొప్పతనాన్ని పొగిడి ఊరుకుంటే, ఇన్నాళ్ళూ వారి ఆటతో డబ్బు చేసుకున్నవారి బాధ్యతను మాఫీ చేసినట్టే.

నాటకాలకు లెక్కాపత్రం వుండదు, నిధి ఎలా వసూలు చేస్తామని కొందరంటారు. ఈ వాదనకు చరిత్రే జవాబు. 1939లో మద్రాసు ప్రభుత్వం వినోదపు పన్ను చట్టం చేసి, టిక్కెట్టు పెట్టిన ప్రదర్శనలను పన్ను కిందకు తెచ్చింది. కొన్నింటికి మినహాయింపులు ఇచ్చినా, టిక్కెట్లు లెక్కపెట్టడం మాత్రం ప్రభుత్వానికి బాగా తెలిసింది. ఖజానా కోసం లెక్కపెట్టగలిగిన టిక్కెట్టును నటుడి ఆరోగ్యం కోసం ఎందుకు లెక్కపెట్టలేకపోయింది?

అది సాధ్యమేనని 1981లో పార్లమెంటే నిరూపించింది. సినిమా కార్మికుల సంక్షేమం కోసం రెండు చట్టాలు చేసి, కథాచిత్రాల మీద సెస్సు విధించి, నిధి ఏర్పాటు చేసింది. ఆ నిధి చట్టాన్ని తర్వాత 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు. 1981 చట్టాలలో లోపాలు ఎన్ని వున్నా సూత్రం సరయినది: పరిశ్రమ సంపాదన నుంచే పరిశ్రమలోని రోగికి వైద్యం. ఆ సూత్రం సినిమా గేటు దగ్గరే ఆగిపోయింది. సినిమాకు నటులను, పద్యాన్ని, పురాణాన్ని అందించిన రంగస్థలం ఆ చట్టాలలో లేదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందరో బీదలకు శస్త్రచికిత్సలు చేయించిన మాట నిజమే. కాని ఆస్పత్రి బిల్లు తీరినా, ఆట లేని రాత్రుల కూలీ తిరిగి రాదు. జబ్బు తెచ్చే రెండు నష్టాలలో రెండవది అలాగే మిగిలింది.

కాబట్టి మన కోర్కె స్పష్టంగా వుండాలి. నిధి చట్టబద్ధంగా రావాలి. అందులో ప్రభుత్వమూ, ప్రదర్శనలతో లాభం పొందేవారూ వాటా కట్టాలి. దాని నిర్వహణ నటులు ఎన్నుకున్న ప్రతినిధుల చేతిలో వుండాలి. మందులతో పాటు ఆడలేని రోజుల భత్యం కూడా ఇవ్వాలి. బుర్రకథ దళం, తోలుబొమ్మలాట కుటుంబం, వీథిభాగవతుల మేళం, తెర వెనుక దీపం పట్టే మనిషి వరకు ఎవరూ గడప బయట మిగలకూడదు. లేకుంటే పాత ఇంగ్లండు నిధుల పొరపాటునే మనం తెలుగులో మళ్ళీ చేసినవాళ్ళమవుతాము.

ఇది సంఘం లేకుండా రాదు. రోగిని పరామర్శించడానికి పండ్లతో వెళ్ళే చేతులు, ఆరోగ్యం వున్నప్పుడే అతనితో కలిసి ఒక పత్రం మీద సంతకం పెట్టాలి. నటుడికి మన చప్పట్లు ఆట అయిపోయేదాకానే వినిపిస్తాయి. హక్కు మాత్రం అతడు మంచం పట్టిన రోజున కూడా అతని పక్కన నిలబడుతుంది.