అనంతగిరి నీళ్లు, మునిగిన ఓడలు

వికారాబాద్, తాండూరు వాళ్లకు ఓడల గొడవ ఎందుకని మీకు నవ్వు రావచ్చు. సముద్రం మనకు దూరమే. కానీ అనంతగిరిలో పుట్టిన మూసీ, తాండూరు పక్కగా పారి భీమలో కలిసే కాగ్నా చివరికి కృష్ణమ్మతోనే బంగాళాఖాతం చేరతాయి. ఆ తీరాన్ని ఏలిన శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడను నాణేలపై ముద్రించారు. వాటిలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం ప్రసిద్ధం.

ఆ నాణెం చూసి ఓడ నమూనా చేయగలమా? ఇంజినీరుగా నా జవాబు, సగమే. కొయ్యలు, తాళ్లు కనిపిస్తాయి. నీటి కింద ఉండే భాగం కనిపించదు. పలకల మందమెంత, వాటిని ఎలా అతికారు, బరువు ఎక్కడ పెట్టారు? ఓడ తేలేదీ మునిగేదీ వీటిని బట్టే. అవి మునిగిన ఓడే చెప్పాలి. బయటికి తేలి ఉన్న చెక్కను ఉప్పునీటి పురుగులు తినేస్తాయి. సరుకు కింద, బురదలో కూరుకుపోయిన అడుగుభాగం మాత్రం మిగులుతుంది. అంటే పై సగం బొమ్మలో, కింది సగం బురదలో!

1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దగ్గర 9వ శతాబ్దపు ఓడ దొరికింది. దాదాపు 60 వేల చైనా పాత్రలున్నాయి. పలకలకు మేకులు లేవు, తాడుతో కుట్టారు. ఆ శిథిలం ఆధారంగా 18 మీటర్ల ‘జ్యువెల్ ఆఫ్ మస్కట్’ కట్టి, 2010లో ఒమన్ నుంచి సింగపూర్ దాకా నడిపారు.

మన నౌకాదళం 2025 మేలో కార్వార్‌లో చేర్చుకున్న ‘కౌండిన్య’ది ఎదురు కథ. శిథిలం లేదు. 5వ శతాబ్దపు అజంతా చిత్రమే ఆధారం. కుట్టుపడవల విద్య కేరళ వడ్రంగుల చేతుల్లో ఇంకా బతికుంది కాబట్టి పని జరిగింది. నీటిలో దాని నడతను ఐఐటీ మద్రాసులో నమూనాతో పరీక్షించారు. మెచ్చుకోవలసిందే. అయితే అందులో అజంతా ఎంత, మన ఊహ ఎంత అన్నది తేల్చడం కష్టం.

శాతవాహనుల కాలానికి దగ్గరిది శ్రీలంకలోని గొడవాయ ఓడ. క్రీ.పూ. 2, క్రీ.శ. 1 శతాబ్దాల మధ్యది. అందులో గాజు ముద్దలతోపాటు నూరుడు రాళ్లు దొరికాయి. నాపరాళ్ల మధ్య పెరిగిన మనకు చెప్పాలా, చెక్క పోయినా రాయి ఉంటుందని! ఆ రాళ్లు పడి ఉన్న తీరును బట్టి కూడా ఓడ ఎంత మేర పరుచుకుందో అంచనా వేస్తారు.

కృష్ణా డెల్టా ఒండ్రు మేటలతో సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది. ఆనాటి రేవులు కొన్ని ఇప్పుడు పొలాల కింద ఉండవచ్చు. కేరళలోని కడక్కరప్పల్లిలో 18 మీటర్లకు పైబడిన పాత పడవ దొరికింది కూడా నేల కిందే. శాతవాహన ఓడను వెతికేవాళ్లు ఈతగాళ్లతోపాటు పలుగు, పార పట్టేవాళ్లనూ తీసుకెళ్లాలి.