ఫారం మీద సంతకం

మా ఆపా కొడుక్కి ఎన్.డి.ఎ.లో సీటు వచ్చింది. మూడేళ్ళు ఖడక్‌వాస్లాలో చదువూ శిక్షణా, ఆ తర్వాత ఒక ఏడాది డెహ్రాడూన్. ఖర్చంతా సర్కారుదే. బయటికొచ్చేసరికి లెఫ్టినెంటు. యు.పి.ఎస్.సి. పరీక్ష రాశాడు. బెంగుళూరులో ఐదు రోజుల ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ దాటాడు. మెడికల్ కూడా దాటాడు. మైలవరంలో మామిడి తోటలు కౌలుకు తీసుకుని కాయ అమ్ముకునే ఇంటి పిల్లవాడు.

పండగ చేసుకోవాల్సిన ఇల్లు. నేను విజయవాడ నుంచి బస్సు దిగి వెళ్ళేసరికి అందరూ తలా ఒక మూల కూచుని ఉన్నారు. మంచం మీద కాగితాల కట్ట. అందులో ఒకటి తండ్రి సంతకం పెట్టాల్సిన బాండు. పిల్లవాడు తనంతట తాను శిక్షణ వదిలేసి వచ్చేస్తే ఖర్చు తిరిగి కడతానని ఒప్పుకోవాలి. బావ ఆ కాగితం వైపు చూస్తూ కూచున్నాడు.

బావ భయం డబ్బు. "ఊళ్ళోనే ఇంజనీరింగు కాలేజీ ఉంది. బి.సి.-ఇ కింద సీటొస్తుంది, ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంది. ఈ బాండు గొడవ మనకెందుకు?" అన్నాడు. ఆపా భయం వేరు. నమాజు సంగతేమిటి, తిండి సంగతేమిటి, రేపు గడ్డం పెంచుకుంటానంటే ఊరుకుంటారా? అమ్మీ అడిగింది మాత్రం ఎవరికీ జవాబు తోచని ప్రశ్న: "ఎదురుగా తుపాకి పట్టుకున్నవాడు కూడా కల్మా చదివేవాడే అయితే, బేటా ఏం చెయ్యాలి?"

పక్కింటి మాస్టారు మంచివాడు. మా మేలు కోరే మనిషి. "పంపించండి భాయ్. రేపు మిమ్మల్ని ఎవడూ వేలెత్తి చూపించడు" అన్నాడు. నేనూ అదే పాట పాడాను. "పంపించు బావా. మనవాళ్ళూ ఉన్నారని చూపించాలి" అన్నాను.

పిల్లవాడు అప్పటిదాకా మాట్లాడలేదు. "చూపించడానికా మామూ, నేను వెళ్ళేది?" అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా పత్రికల్లో రాస్తున్నవాణ్ణి. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇంటికొచ్చి పాత పుస్తకాలు దించాను. వాడికి చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మైలవరం నుంచి బెజవాడ వచ్చే దారిలో కొండపల్లి కోట ఉంది. బొమ్మల కొండపల్లి అనే అందరికీ తెలుసు. రెడ్డిరాజులు, గజపతులు, రాయలు, కుతుబ్‌షాహీలు వరసగా ఏలిన కోట అది. 1766లో ఇంగ్లీషు సేనాని కైలాడ్ దాన్ని పట్టుకున్నాడు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చిన ఏడాది అది. అంతకు ఏడేళ్ళ ముందే, 1759లో, బందరు కోట ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళకి దక్కింది. ఈ యుద్ధాల్లో చచ్చిందీ చంపిందీ ఎక్కువగా దొరలు కాదు. జీతానికి కుదిరిన ఈ దేశపు సిపాయిలు. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు, దక్కనీ ముసల్మానులున్నారు. ఒకే కంపెనీలో, ఒకే వరసలో నిలబడ్డారు.

ఉర్దూ చదివే నాకు చాలా కాలం తెలియని సంగతి ఒకటుంది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిరగబడ్డ సిపాయిల్ని 'తిలంగే' అన్నారు. తిలంగా అంటే తెలుగువాడు. కంపెనీ సిపాయిలు మొదట తెలుగు తీరం నుంచి బెంగాలుకి వెళ్ళడంతో, ఆ తర్వాత అవధ్ వాడైనా బిహారు వాడైనా ఎర్రకోటు తొడిగిన ప్రతివాడికీ ఆ పేరే స్థిరపడిపోయింది. తెలుగువాడు అన్న మాట సిపాయి అన్న మాటకి పర్యాయపదమైన రోజులున్నాయి.

తర్వాత ఏం జరిగింది? 1880లలో మద్రాసు సేనకీ, ఆ తర్వాత మొత్తం హిందుస్తాన్ సేనకీ అధిపతి అయిన రాబర్ట్స్ దొర కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయని తేల్చాడు. ఉత్తరాది పఠాన్లు, పంజాబీలు, గూర్ఖాలు వీరులట. దక్షిణాదివాళ్ళు మెత్తబడిపోయారట. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి తెలుగువాళ్ళకి సైన్యం తలుపులు దాదాపు మూసుకుపోయాయి. మా సాయిబులకీ అంతే. ఒక తెల్లదొర గీసిన గీతతో ఇక్కడి హిందువూ ముసల్మానూ కలిసే పనికిరానివాళ్ళయ్యారు. ఇవాళ మా వీధిలో సైన్యానికి వెళ్ళినవాడు లేడంటే అది మా రక్తంలో లేక కాదు, మా మతంలో లేకా కాదు. ఆ గీత మీద కూడా కాస్త నెపం వెయ్యాలి.

ఇది ఒప్పుకున్నవాళ్ళ చరిత్ర. కాదన్నవాళ్ళ చరిత్ర కూడా మాకుంది.

1921 జూలైలో కరాచీలో ఖిలాఫత్ మహాసభ జరిగింది. ఇంగ్లీషు సైన్యంలో కొలువు ముసల్మానుకి హరామ్ అని అక్కడ తీర్మానించారు. ఆ నేరానికి సెప్టెంబరులో మౌలానా మహమ్మదాలీని అరెస్టు చేశారు. ఎక్కడ? మన వాల్తేరు స్టేషన్‌లో. గాంధీతో కలిసి మద్రాసు వెళ్తుండగా. అలీ సోదరులకి రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. ఆ కేసులో ముద్దాయిలుగా మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, డాక్టర్ కిచ్లూలతో పాటు ఒక శంకరాచార్యులు కూడా నిలబడ్డారు. ఆయన్ని తర్వాత వదిలేశారు. సైన్యంలో చేరొద్దన్న మౌలానాకి ఒక స్వామీజీ తోడు నిలిచాడు. అదే మహమ్మదాలీ 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసుకి అధ్యక్షుడయ్యాడు. సైన్యాన్ని కాదన్నవాణ్ణి అప్పుడు తెలుగుదేశం ద్రోహి అనలేదు, నెత్తిన పెట్టుకుంది. అది పరాయి సైన్యం కదా అంటారు. నిజమే. నేను చెప్పేది ఒక్కటే. చేరడమూ చేరకపోవడమూ రెండూ ఆలోచించి తీసుకునే నిర్ణయాలని అప్పటివాళ్ళకి తెలుసు.

అదే కాలంలో ఇంకో తలుపు తెరుచుకుంటోంది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో హిందుస్తానీ కుర్రాళ్ళకి ఏడాదికి పది సీట్లు ఇచ్చారు. ఖర్చు తట్టుకునేది జాగీర్దార్ల పిల్లలూ, పెద్ద ఉద్యోగుల పిల్లలూ మాత్రమే. 1932 అక్టోబరులో డెహ్రాడూన్‌లో మనదే ఒక అకాడెమీ మొదలైంది. మొదటి జట్టు నలభై మంది. అందులో శామ్ మానెక్‌షా ఉన్నాడు. మహమ్మద్ మూసా ఉన్నాడు. స్మిత్ డన్ ఉన్నాడు. ఒకాయన ఇండియాకీ, ఒకాయన పాకిస్తాన్‌కీ, ఒకాయన బర్మాకీ సైన్యాధిపతులయ్యారు. ఒకే భోజనశాలలో తిన్న పిల్లలు మూడు దేశాలకి పంపకమయ్యారు.

ఆ పంపకం 1947లో ఒక ఫారం రూపంలో వచ్చింది. పాకిస్తాన్ ప్రాంతపు ముసల్మాను ఇండియా సైన్యాన్ని కోరుకోవడానికి లేదు. ఇండియా ప్రాంతపు ముస్లిమేతరుడు పాకిస్తాన్‌ని కోరుకోవడానికి లేదు. మిగిలింది అటు పుట్టిన హిందువు, సిక్కు. ఇటు పుట్టిన ముసల్మాను. ఏ దేశమో రాసివ్వు అన్నారు. పుట్టిన ఊళ్ళో ఉండటానికి కూడా ఎంచుకుని సంతకం పెట్టాల్సి రావడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

మహమ్మద్ ఉస్మాన్‌ది ఆజంగఢ్ జిల్లా. శాండ్‌హర్స్ట్‌లో చదివి బలూచ్ రెజిమెంటులో అధికారి అయ్యాడు. ఆ రెజిమెంటే పాకిస్తాన్ వాటాకి పోయింది. ఆయన పోలేదు. పారాచూట్ బ్రిగేడ్‌కి నాయకుడై 1948 ఫిబ్రవరిలో నౌషేరాని నిలబెట్టాడు. మార్చిలో ఝంగర్‌ని తిరిగి పట్టాడు. జూలై 3న అక్కడే ఫిరంగి గుండుకి చనిపోయాడు. మహావీరచక్ర ఇచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా దగ్గర సమాధి ఉంది. అంత్యక్రియలకి నెహ్రూ వచ్చాడు. అమ్మీ అడిగిన ప్రశ్న ఉస్మాన్ ముందుకీ వచ్చే ఉంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళూ కల్మా చదివినవాళ్ళే.

రెండో మనిషి మనవాడు. ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాదులో పుట్టాడు, నిజాం కాలేజీలో చదివాడు. పద్దెనిమిదేళ్ళకి వాయుసేనలో చేరాడు. బర్మా యుద్ధంలో విమానం నడిపాడు. 1947లో ఆయన ముందుకీ ఆ ఫారం వచ్చింది. తోటి అధికారులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ అటు వెళ్తూ ఆయన్నీ రమ్మన్నారు. ఆ ఇద్దరూ తర్వాత పాకిస్తాన్ వాయుసేనకి అధిపతులయ్యారు. లతీఫ్ ఇండియా అని రాసిచ్చాడు.

ఆ రోజుకి ఆయన ఊరు హైదరాబాదు ఇండియాలో లేదు. నిజాం ఇంకా కలవలేదు. ఇంకో ఏడాదికి, 1948 సెప్టెంబరు 13న, సైన్యం హైదరాబాదు మీదికి కదిలింది. కొద్ది రోజుల్లోనే నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. అంతకుముందు రజాకార్లు చేసిన దారుణాలు మనం మరిచిపోకూడదు. ఆ తర్వాత పల్లెల్లో మామూలు ముసల్మానుల మీద జరిగినవీ మరిచిపోకూడదు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగి చూసి, చచ్చినవాళ్ళు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటారని అంచనా రాశారు. ఆ నివేదిక 2013 దాకా జనం చూడటానికి దొరకలేదు.

1950 జనవరి 26న ఢిల్లీ ఆకాశంలో మొదటి గణతంత్ర దినాన విమానాల వరసకి ముందు నడిచింది లతీఫే. 1978లో వాయుసేనాధిపతి అయ్యాడు. 1981 దాకా చేశాడు. ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నరు, ఫ్రాన్సులో రాయబారి. 2018లో హైదరాబాదులోనే కన్నుమూశాడు.

ఈ ఇద్దరి పేర్లూ మా సభల్లో చాలాసార్లు వింటాం. నేనూ చాలాసార్లు రాశాను. 1965లో ట్యాంకుల్ని పేల్చి చనిపోయి పరమవీరచక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు కూడా కలుపుతాం. ఎప్పుడు కలుపుతాం? ఎవడో మమ్మల్ని అనుమానించినప్పుడు. బ్యాంకులో రుణానికి హామీదారుని చూపించినట్టు ఈ చనిపోయినవాళ్ళని చూపిస్తాం. వాళ్ళు చేసిన పని గొప్పది. ఆ పనిని మేం వాడుకుంటున్న తీరు బాగాలేదు. మా పిల్లవాడు 'చూపించడానికా' అని అడిగింది దీన్నే.

1947 నాటి ఫారం మా చేతుల్లోంచి ఎవరూ తిరిగి తీసుకోలేదు. క్రికెట్ మ్యాచి రోజున ఇస్తారు. అద్దె ఇల్లు అడిగినప్పుడు ఇస్తారు. ఏ దేశమో రాసివ్వు అంటారు. ఉస్మాన్ రాసిచ్చాడు, లతీఫ్ రాసిచ్చాడు. పల్లెల్లో ఉండిపోయిన కోట్లమంది కదలకుండా ఉండే రాసిచ్చారు. ఇంకెన్నిసార్లు?

2006లో సచార్ కమిటీ సైన్యంలో ముస్లింలు ఎందరో చెప్పమంటే పెద్ద గొడవైంది. మేం మతం చూసి మనుషుల్ని లెక్కపెట్టం అంది సైన్యం. సూత్రం మంచిదే. సైన్యంలో మౌల్వీ, పండిత్, గ్రంథీ పోస్టులు ఉన్నాయి. ఆపా భయానికి అది కొంత జవాబు. గడ్డం కోసం పట్టుబట్టిన ఒక వాయుసేన ఉద్యోగి తొలగింపుని 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. అదీ జవాబే. రెండూ పిల్లవాడికి తెలియాలి. అమ్మీ ప్రశ్నకి మాత్రం ఉస్మాన్ సమాధి కూడా పూర్తి జవాబు కాదు. తుపాకి ఎవరి మీద ఎత్తాలి, ఎప్పుడు దించాలి అనే ప్రశ్న ప్రతి సిపాయిదీ. హిందూ సిపాయిది కూడా. మా ఒక్కరి మెడకే దాన్ని కట్టడం అన్యాయం.

ఇంకొక మాట. మా పిల్లవాడు వద్దంటే? కృష్ణా డెల్టాలో ఎన్నో ఇళ్ళ నుంచి పిల్లలు అమెరికా వెళ్ళారు. కొడుకుని సైన్యానికి ఎందుకు పంపలేదని వాళ్ళ తల్లిదండ్రుల్ని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. అది వాళ్ళ ఇంటి సంగతి, డబ్బు సంగతి, ఇష్టం సంగతి. మైలవరం సాయిబు కొడుకు వద్దంటే మాత్రం దానికి వేరే అర్థం వస్తుంది. వెళ్తానంటే అదీ ఒక సర్టిఫికెట్టు అవుతుంది. సమాన పౌరసత్వం అంటే నాకు తెలిసినంతలో ఇంతే: అవునన్నా కాదన్నా అది ఆ మనిషి ఇష్టమే కావడం.

వారం తర్వాత మళ్ళీ మైలవరం వెళ్ళాను. ఇదంతా వాడికి చెప్పాను. "నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను బేటా. నువ్వెవరికీ ఏమీ చూపించక్కర్లేదు. నీకిష్టమైతేనే వెళ్ళు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "నాకిష్టమే మామూ. బెంగుళూరులో ఆ ఐదు రోజులూ బాగున్నాయి. తాడూ, దుంగా ఇచ్చి అందరూ కలిసి దాటండి అన్నారు. ఎలా దాటాలా అన్నదే ఆలోచించాను" అన్నాడు.

బావ బాండు మీద సంతకం పెట్టాడు. అమ్మీ ఏమీ అనలేదు. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ మూటకట్టి ఇమామ్ జామిన్ సిద్ధం చేసింది, బయల్దేరే రోజు వాడి చేతికి కట్టడానికి.

అది ఒక తండ్రి తన కొడుకు చదువు కోసం పెట్టిన సంతకం. రేపు వాడు సైన్యాధిపతి అయినా, ఆరు నెలలకే ఇష్టంలేక తిరిగొచ్చినా, అది వాడి బతుకు. దయచేసి దాన్ని 1947 ఫారానికి మా జవాబుగా ఎవరూ జమ చేసుకోవద్దు. ముందుగా నాకూ, నాలా రాసేవాళ్ళకీ చెప్పుకుంటున్న మాట ఇది.