పలుకును కొలుచుట నేర్చిన కథ

పొలమును గొలుసుతో కొలుతుము. ధాన్యమును కుంచముతో కొలుతుము. బంగారమును త్రాసులో తూతుము. పలుకును కొలుచుట యెట్లు? అది నోరు వెడలిన క్షణముననే నశించును. చేతికి దొరకదు, కంటికి కనబడదు. అయినను దానిని పట్టి, కాగితముపై గీతగా నిలిపి, సెకనులో వేయవ వంతు వఱకు లెక్కించు విద్య యొకటి కలదు. దానికి ప్రయోగాత్మక ధ్వనిశాస్త్రమని పేరు. ఆ విద్యను మనుష్యులు ఏ క్రమమున నేర్చుకొనిరో, అందు పల్లెలలోని పెద్దలకు గల స్థానమెట్టిదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ఈ విచారమునకు మొదటి పుటలు మన దేశముననే వ్రాయబడినవి. వేదములోని ఒక్క యక్షరమైనను చెడకుండ శిష్యునకు అప్పగింపవలెనను పట్టుదల నుండి శిక్షాగ్రంథములును, ప్రాతిశాఖ్యములును పుట్టినవి. ఏ వర్ణము నోటిలో ఏ స్థానమున జనించును, నాలుక యెచ్చట తాకును, కంఠము తెఱచియుండునా మూసియుండునా యను సంగతులను ఆ గ్రంథకర్తలు వేఱువేఱుగా నిరూపించిరి. కంఠము మూసికొన్నపుడు నాదమును, తెఱచియున్నపుడు శ్వాసమును కలుగునని తైత్తిరీయ ప్రాతిశాఖ్యము చెప్పుచున్నది. దీనిని మీరును పరీక్షింపవచ్చును. గొంతుపై రెండు వ్రేళ్లు ఆనించి, మొదట సకారమును అచ్చు చేర్చక సాగదీయుడు; పిదప మకారమును అట్లే సాగదీయుడు. మొదటి దానిలో వ్రేళ్లకు ఏమియు తెలియదు. రెండవ దానిలో తుమ్మెదను గుప్పిట పట్టినట్లు గొంతు అదరును. 'క'కును 'గ'కును గల ముఖ్యభేదము ఈ యదురే. అమెరికా పండితుడైన విట్నీ 1862లో అథర్వవేద ప్రాతిశాఖ్యమును, 1871లో తైత్తిరీయ ప్రాతిశాఖ్యమును ఆంగ్లానువాదముతో ప్రకటించెను. మన పూర్వుల పరిశీలన యెంత సూక్ష్మమో పాశ్చాత్యులు అట్టి ప్రకటనల వలన తెలిసికొనిరి.

అయితే ఆ పూర్వులకు చెవియు, వ్రేలును, స్వానుభవమును మాత్రమే సాధనములు. చెవి మంచి సాక్షియే కాని, పక్షపాతము గల సాక్షి. పుట్టినది మొదలు వినుచున్న భాషలో అర్థమును మార్చు భేదములనే అది గట్టిగా పట్టుకొనును, తక్కినవానిని జాఱవిడుచును. ఇంగ్లీషువారు పదాదిని పకారమును పలుకునపుడు పెదవుల నుండి ఊపిరి బలముగా వెడలును. వారి భాషలో పకారమునకును ఒత్తు పకారమునకును అర్థభేదము లేదు గావున, ఆ యూపిరి వారికి తోచనే తోచదు. మనమాటయు అంతియే. 'చీమ' యనునపుడు తాలవ్యమును, 'ౘాప' యనునపుడు దంత్యమును పలుకుచున్నాము. వ్యాకరణము చదివినవారు దీని నెఱుగుదురు. చదువనివారు రెండును సరిగానే పలుకుదురు గాని, తాము రెండు విధముల పలుకుచున్నామని యెఱుగరు. కనుక చెవికి తోడు మఱియొక సాక్షి కావలసివచ్చెను.

1854లో కన్ను తోడు వచ్చెను. మాన్యుయెల్ గార్షియా యను సంగీతోపాధ్యాయుడు దంతవైద్యులు వాడునట్టి చిన్న యద్దమును తన గొంతులో నుంచి, మఱియొక యద్దముతో సూర్యకాంతిని దానిపై పడజేసి, పాడుచున్న తన కంఠమును తానే చూచెను. మఱుసటి సంవత్సరము ఆ సంగతిని లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. 1857లో పారిసు నగరమున అచ్చుపని యెఱిగిన లియోన్ స్కాట్ అనునాయన ఇంకొక యుపాయము పన్నెను. సన్నని పొరపై పలుకు పడునట్లు చేసి, ఆ పొర యదరుటను ఒక వెండ్రుక కొనతో మసి పట్టించిన కాగితముపై గీయించెను. ఆ గీతను మఱల పలికింపవలెనను తలంపు ఆయనకు లేదు. కంటితో చదువవలెననియే ఆశ. ఆయన 1860లో గీయించిన పాట తునుకను 2008లో అమెరికా పరిశోధకులు కంప్యూటరు సాయమున లోకమునకు వినిపించిరి.

ఇట్టి సాధనములను భాషాపరిశోధనకు క్రమముగా వినియోగించి, ఇతరులకు నేర్పినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు మతగురువు రూస్లో. ఆయన 1846లో షారాంతు సీమయందు జన్మించెను. పల్లెపలుకు చెడిపోయిన ఫ్రెంచి యనియు, పాఠశాలలో దానిని మాన్పింపవలెననియు నాడు పలువురు నమ్మియుండిరి. రూస్లో అట్లు తలపలేదు. 1887లో జిలియేరను పండితునితో కూడి పల్లెపలుకుల కొఱకే యొక పత్రికను నెలకొల్పెను. 1891లో డాక్టరు పట్టమునకై ఆయన సమర్పించిన గ్రంథమునకు విషయము, సెల్‌ఫ్రువాన్ గ్రామమునకు చెందిన ఒక కుటుంబపు పలుకులోని మార్పులు. ఆ కుటుంబమువారు తనవారే. ఒక్క కుటుంబమునందే తరమునకును తరమునకును ఉచ్చారణము భేదించుచుండుటను ఆయన నిరూపించెను. రాజసభలలోని భాష కాదు, గ్రంథములలోని భాష కాదు. పొయ్యి చుట్టు కూర్చుండి మాట్లాడుకొను భాష ఈ శాస్త్రమునకు తొలి పంటపొలమయ్యెను.

ఆయన పని జరుగు తీరు ఇట్టిది. ఒక డోలునకు కాగితము చుట్టి, దీపపు పొగతో దానిని నల్లబఱతురు. డోలు సమవేగముతో తిరుగుచుండును. మాటలాడువాని నోటివద్ద ఒక గొట్టము, ముక్కునొద్ద ఒకటి, గొంతుపై ఒక చిన్న డొప్ప యుంచుదురు. వానినుండి వచ్చు గాలి సన్నని పొరలను కదల్ప, పొరలకు తగిలించిన పుల్లలు మసిపై తెల్లని గీతలు గీయును. పకారము పలికినచో పెదవులు మూసియున్నంతసేపు గొంతుగీత తిన్నగా నుండును. బకారమునందు నోటిగీత నిలిచియున్నను గొంతుగీత అలలుగా సాగును. మకారమునందు ముక్కుగీతయు లేచును. ప్రక్కనే శ్రుతికై వాడునట్టి రెండు కొనల ఉక్కుముక్క నియమితసంఖ్యతో అదరుచు కాలమును గుర్తించును. అంగిలికి సరిపడు పలుచని రేకుపై పొడి చల్లి నోటిలో నుంచి, ఒక వర్ణము పలికించి బయటకు తీసినచో, నాలుక తాకినచోట పొడి తుడిచికొనిపోయి యుండును. తకార టకారముల భేదమును దీనియందు కంటితోనే చూడవచ్చును. 1897లో పారిసులోని కొలేజ్ ద ఫ్రాన్సునందు రూస్లోకు ప్రయోగశాల యేర్పడెను. 1897 మొదలు 1908 వఱకు ఆయన ఈ శాస్త్రమూలములను పెద్ద గ్రంథముగా ప్రకటించి, 1924లో కాలధర్మము నొందెను.

కుటుంబమున కనబడినది ఊరంతటను కనబడునా? ఈ ప్రశ్నతో స్విట్జర్లాండు పండితుడు గోషా షార్మే యను కొండపల్లెకు పోయి, అచ్చటి వారిని మూడు తరములుగా విభజించెను: 60 యేండ్లు దాటినవారు, 30 మొదలు 60 వఱకు గలవారు, అంతకు చిన్నవారు. ముసలివారు ఒక విధమైన లకారమును పలుకుచోట, చిన్నవారు యకారమును పలుకుచుండిరి. నడివయసువారు రెంటి నడుమ ఊగుచుండిరి. 1905లో ఆయన దీనిని ప్రకటించెను. 1929లో హెర్మన్ అను జర్మను పండితుడు ఆ పల్లెకే మఱల పోయి చూడగా, కొన్ని మార్పులు ముందునకు సాగియుండెను, కొన్ని ఇంకను ఊగుచుండెను. ఒకనాటి కొలత మఱునాడు మఱియొకనికి పనికివచ్చుటయే పరిశోధన యనబడును.

యంత్రములు పిదప త్వరితముగా వృద్ధినొందినవి. అమెరికాలో బెల్ సంస్థవారు రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిర్మించిన స్పెక్ట్రోగ్రాఫు మాటలోని శబ్దములను హెచ్చుతగ్గుల స్థాయిల ప్రకారము విడదీసి చిత్రముగా చూపెను. లిస్కర్, అబ్రామ్‌సన్ అను నిరువురు 1964లో తమిళము, హిందీ, మరాఠీ మున్నగు 11 భాషలలో ఒక చిన్న కాలమును కొలిచిరి: మూసిన నోరు విడుటకును, గొంతు అదరనారంభించుటకును నడుమ నుండు కాలము. ఇంగ్లీషు పకారమునందు ఆ యదురు సుమారు 60 వేయవ వంతుల సెకను ఆలస్యమై వచ్చును. ఇంగ్లీషువారి చెవికి తోచని ఊపిరి అట్లు అంకెగా పట్టువడెను. లిస్కర్ తెలుగు నేర్చి, 1963లో వాడుక తెలుగును బోధించు పుస్తకమును కూడ వ్రాసినవాడు. నేడు మసికాగితమును డోలును చేయు పనిని కంప్యూటరు చేయుచున్నది.

ఇక మన సంగతి. పూర్వశాసనములలో ఴకారమొక యక్షరముండెను. అది పోయి 'చోఴ' శబ్దము తెలుగున 'చోడ' యైనది. శకటరేఫము వ్రాతలో నిలిచినది గాని, సాధురేఫముతో దానికి గల భేదము నేటి మన నోట నిలువలేదు. దానిని సహజముగా పలికిన చివరి తరమువారి కంఠమును పట్టియుంచుటకు ఆనాడు సాధనమే లేదు. నేడు సాధనము కలదు; కొఱత పలుకువారి వలననే కలుగవచ్చును. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి, నాటికి లిపి లేని సవరభాషను సవరల మాట విని నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవరలు తమ పలుకును సిగ్గుపడి దాచియుండినచో ఆ పుస్తకములు లేవు.

కనుక మీ యూరికి ఎవ్వరైన విద్యార్థి యంత్రముతో వచ్చి నాలుగు మాటలు పలుకుమని కోరినచో, పుస్తకభాష యెత్తుకొనకుడు. ఇంటిలో మనుమలతో పలుకునట్లే పలుకుడు. మీ వయస్సును, పుట్టిన యూరును, మీ తల్లిగారి పుట్టినింటి యూరును చెప్పుడు. ఒకే మాటను పదిమాఱులు పలుకుమన్నచో విసుగుకొనకుడు. ఒక్కసారి కొలిచినది కొలత కాదు. ఆ పలుకు తప్పో ఒప్పో తీర్చుటకు అతడు రాలేదు. అది యెట్లున్నదో తెలిసికొనుటకే వచ్చినాడు. మీ తరముతో పోవు పలుకును చెప్పగలవారు మీరే.